లేదా

సంతకం లేని ఉద్యోగం నాది.
ముప్పై నాలుగేండ్లు పచ్చ సిరాతో
కాలువల్ని, కల్వర్టుల్ని నడిపించినవాణ్ణి,
ఇప్పుడు మార్జిన్లో పెన్సిలుతో గుసగుసలు రాస్తుంటాను.
'సీనియర్ సలహాదారు, కొనుగోళ్లు, ఒప్పందాలు'
అని తలుపు మీద పలక.
మొగిలి రోజూ తుడుస్తాడు.
"సలహా అంటే ఇనకున్నా నడుస్తది గదా సార్" అంటాడు,
బట్ట దులుపుతూ.

హనుమకొండ, సుబేదారి, రెండో అంతస్తు.
కిటికీలోంచి భద్రకాళి చెరువు కనిపిస్తుందని
ఆశపెట్టి ఇచ్చారీ గది.
కనిపించేది జిరాక్సు దుకాణం,
టెండరు కాగితాలతో నిలబడ్డ మనుషుల నడినెత్తులు.

ఆ యేడు దస్త్రం హాస్టళ్ల జంపఖానాలది.
పదకొండు వేల నాలుగు వందలు.
పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు,
అచ్చం నూలు, బరువు కిలో ఎనిమిది వందలు.
తొమ్మిదో నిబంధన:
వరుసగా మూడేండ్లు, ఏడాదికి రెండు కోట్ల టర్నోవర్.

ఆ తొమ్మిదిని రాసింది నేనే,
ఇరవై యేండ్ల కింద, ఒక వంతెన కోసం.
వంతెనకు కావాల్సిందే.
కూలితే పట్టుకోవడానికి ఒక మెడ ఉండాలి కదా.
ఆ తర్వాత అది
పంచె అంచుకు అంటిన పల్లేరుకాయలా
దస్త్రం నుంచి దస్త్రానికి పోయింది,
బెంచీలకు, బకెట్లకు,
ఆఖరికి కోడిగుడ్లకు.

ప్రీబిడ్ సమావేశం. వెనక వరుసలో
కొండబత్తుల సరోజన, కొత్తవాడ సంఘం కార్యదర్శి.
గోళ్ల సందుల్లో కడిగినా పోని అద్దకపు ఎరుపు.
అందరూ జీఎస్టీ అడిగారు, గడువు అడిగారు,
ఏసీ ఎందుకు పనిచేయట్లేదని అడిగారు.
ఆమె ఒక్కటే:
"తొమ్మిదో దాంట్ల మాకు చోటు లేదా సార్?"

ఆ రాత్రి
ఆమె మాటల్లోంచి ఒక్కటి ఏరుకున్నాను.
ప్రశ్నగుర్తు తుడిచి
నిబంధన నడుమ కూర్చోబెట్టాను:
రెండు కోట్ల టర్నోవర్, లేదా
అయిదేండ్లుగా నడుస్తున్న చేనేత సహకార సంఘం.
సవరణ పత్రం మీద సంతకం పైవాళ్లది.
పదం ఆమెది.
నాది పెన్సిలు.

ధరలు తెరిచిన రోజు
ఎల్ వన్, సూరత్ సరుకు తెచ్చే ఏజెన్సీ:
నాలుగు వందల పన్నెండు.
సంఘం: నాలుగు వందల ఇరవై మూడు.
పదకొండు రూపాయలు.
కింద బండి దగ్గర ఒక చాయ్.

ఆమె వచ్చింది. తిడుతుందనుకున్నా,
తిడితే బాగుండనుకున్నా.
ధరావతు వాపసు ఎప్పుడిస్తారని అడిగి
మెట్ల దాకా పోయి ఆగింది.
"ఓడితే ఓడినం గని సార్,
ఈసారి లోపట్కొచ్చి ఓడినం."

పుష్యమాసం. ములుగు దిక్కు ఒక హాస్టల్.
కోటు జేబులో స్ప్రింగు తక్కెడ.
ఒక జంపఖానా మడిచి కొక్కేనికి తగిలిస్తే
ముల్లు కిలో నాలుగు వందల దగ్గర వణికి
అక్కడే నిలబడింది.
మరొకటి. మరొకటి.
వంట చేసే సారక్క పిండిచేతులతో వచ్చి చూసి,
"పొడుగు బాగనే ఉంది సార్,
సలే అటునుంచి ఇటొస్తది" అంది.

తిరిగి వచ్చి నోట్ రాశాను, ఈసారి పెన్నుతో.
బిల్లు ఆపండి, మళ్లీ తూచండి.
పాత అలవాటు, చెయ్యి ఆగలేదు,
కింద సంతకం చేశాను.

తొమ్మిది రోజులకు తిరిగొచ్చింది.
తూకం గురించి ఒక్క ముక్క లేదు.
అడుగున ఎర్రగా:
'సలహాదారుకు సంతకాధికారం లేదు.'

చాలాసేపు చూశాను ఆ చివరి మాటను.
దకు ఉన్న కొమ్ము తీసి
దీర్ఘం ఇస్తే చాలు.

మొగిలి చాయ్ పెట్టి పోయాడు. మీగడ కట్టింది.
పెన్సిలు చెక్కుతున్నాను.